ఆకు, ముక్కు, మీ ప్రశ్నలు

కిందటి సంచికలో వర్జీనియా పొగాకు గ్రేడింగ్ గురించి రాస్తూ, రిటైరయ్యాక సిగార్లను పక్కపక్కన పెట్టి పోల్చి చూడటం నాకు సరదా అని ఒక్క వాక్యం రాశాను. మిగతాదంతా వదిలేసి ఆ వాక్యం పట్టుకున్నారు పాఠకులు. సరే, ఈసారి శీర్షిక మొత్తం వాటికే. కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక మాట: నేను డాక్టర్ని కాను, నాకు సిగార్ల షాపూ లేదు. టంగుటూరు, కొండపి, వెల్లంపల్లి వేలం కేంద్రాల్లో బేలు ముందు నిలబడి, ఆకు పట్టుకుని, వాసన చూసి గ్రేడు చెప్పడం నా ఉద్యోగం. ఈ జవాబులు ఆ ముక్కు చెప్పినవే.

ప్రశ్న: మా బావ దుబాయ్ నుంచి మూడు రకాల సిగార్లు తెచ్చాడు. ఆదివారం భోజనాలయ్యాక మేడ మీద కూర్చుని ఇద్దరం మూడూ వరసగా కాల్చాం. మొదటిది బాగుంది, రెండోది ఘాటుగా ఉంది, మూడోదానికి తల తిరిగి పడుకున్నాను. అంతకుమించి తేడా ఏమీ తెలియలేదు. నా నాలుక మొద్దా?
– బ్యాంకు ఉద్యోగి, కావలి

నాలుక మొద్దు కాదు నాయనా, పూట తప్పు, పద్ధతి తప్పు. ఒక సిగరెట్‌లో సుమారు 8 మిల్లీగ్రాముల నికోటిన్ ఉంటే, మామూలు పెద్ద సిగార్‌లో 100 నుంచి 200 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. అదంతా ఒంట్లోకి పోదు, నిజమే. కానీ ఒకే మధ్యాహ్నం మూడంటే తల తిరక్కపోతేనే ఆశ్చర్యపోవాలి. మూడోది ఎంత గొప్ప సిగారైనా దాని రుచి మీకు తెలిసే అవకాశమే లేదు. రోజుకు ఒకటి కంటే ఎక్కువ కాల్చి పోల్చాను అనేవాళ్ల మాట నేను నమ్మను.

ఇక పోల్చే పద్ధతి. గ్రేడింగ్ నేర్పేటప్పుడు మా సీనియర్లు బేలును ఒంటరిగా చూడనిచ్చేవాళ్లు కాదు. పక్కన తెలిసిన గ్రేడు ఆకు ఒక కట్ట పెట్టి, ‘దీనికీ దానికీ తేడా ఒక్కటి చెప్పు’ అనేవాళ్లు. రెండు చెబితే ఒప్పుకునేవాళ్లు కాదు. సిగార్లకూ నేను అదే పాటిస్తాను. మీ బావ తెచ్చిన మూడూ మూడు దేశాలవి, మూడు సైజులవి అయి ఉంటాయి. సైజు మారితే కాలే వేడి మారుతుంది, పొగ మారుతుంది. ఇక తేడా ఆకుదో సైజుదో ఎవరు చెప్పగలరు? కాబట్టి ముందు సైజు ఒకటే ఉంచండి. రొబస్టో అనే సైజు మొదలుపెట్టడానికి మంచిది. పొడవు 124 మిల్లీమీటర్లు, లావు 50 రింగ్ గేజ్. రింగ్ గేజ్ అంటే అంగుళంలో 64వ వంతు. అంటే 50 రింగ్ గేజ్ సిగార్ దగ్గర దగ్గర రెండు సెంటీమీటర్ల లావు. చాలా కంపెనీలు ఒకే సైజును లేతరంగు పై ఆకుతోనూ ముదురురంగు పై ఆకుతోనూ అమ్ముతాయి. ఆ జత తీసుకోండి. ఒకటి ఈ వారం, రెండోది పై వారం, అదే టైముకి, అదే రకం భోజనం తర్వాత.

అగ్గిపుల్ల గీయకముందే సగం పని అయిపోవాలి. నిజానికి నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే. సిగార్‌ను ఈ చివర నుంచి ఆ చివర దాకా వేళ్లతో మెల్లగా నొక్కుతూ పోండి. ఎక్కడైనా గట్టిగా ముడి తగిలినా, మెత్తగా గుంట పడినా పేజీలో రాసుకోండి. గట్టిగా ఉన్నచోట పొగ లాగడం కష్టమవుతుంది, మెత్తగా ఉన్నచోట వేడెక్కి చేదెక్కుతుంది. తర్వాత పై ఆకు వాసన చూడండి. ఆ తర్వాత వెలిగించే చివరను ముక్కుకు దగ్గరగా పెట్టి చూడండి. రెండు వాసనలూ ఒకటి కావు. లోపలి ఆకు సంగతి రెండోదే చెబుతుంది. ఇప్పుడు టోపీ, అంటే నోట్లో పెట్టుకునే మూసిన చివర, కోయాలి. రెండు మిల్లీమీటర్లు చాలు. అంతకంటే కిందికి కోస్తే పై ఆకు ఊడివస్తుంది. కోశాక వెలిగించకుండానే ఒకసారి లాగి, నోట్లోకి వచ్చిన గాలి రుచి రాసుకోండి. వేలం కేంద్రంలో ఎవరూ ఆకు కాల్చి కొనరు. చూపు, స్పర్శ, వాసన, అంతే. కోట్ల రూపాయల సరుకు అలాగే చేతులు మారుతుంది.

వెలిగించడానికి పెట్రోల్ లైటర్ వద్దు, ఆ వాసన మొదటి పావుగంటా వదలదు. గ్యాస్ లైటర్, లేదంటే గంధకం కాలిపోయేదాకా ఆగి అగ్గిపుల్ల. నిమిషానికి ఒక దమ్ము. తొందరపడితే ఏ సిగారైనా చేదే. పొగ లోపలికి మింగకండి, నోట్లో తిప్పి వదలండి. పొడవును మూడు భాగాలు అనుకుని ఒక్కో భాగానికి రెండు ముక్కలు రాయండి. మూడో భాగానికి వచ్చేసరికి వేడీ తారూ పెరుగుతాయి, రుచి ముద్దగా అయిపోతుంది. పోల్చడానికి మొదటి రెండూ చాలు, మిగిలింది అలా బూడిదలో ఆరిపోనివ్వండి. డబ్బులు పోసి కొన్నాం కదా అని చివరిదాకా లాగేవాళ్లను చూస్తుంటాను. వాళ్లది పొదుపు, రుచి కాదు.

మరొకటి. ఖాళీ కడుపుతో వద్దు, అలాగే చేపల పులుసు తిన్న పూట కూడా వద్దు. చింతపండు పులుపు, కారం నాలుక మీద చాలాసేపు కూర్చుంటాయి. పైగా అది పులుసుకూ అన్యాయమే.

ప్రశ్న: మాకు రెండు బ్యారన్లు (పొగాకు ఎండబెట్టే కొట్టాలు) ఉన్నాయి. ఇంత పొగాకు పండే చోట ఒక్క సిగార్ కూడా ఎందుకు తయారు కావడం లేదు? సరదాకి మా బ్రైట్ గ్రేడు ఆకు నాలుగు చుట్టి కాలిస్తే నాలుక మండిపోయింది.
– యువ రైతు, కొండపి

మండుతుంది మరి. మీ ఆకు మంచిది కాక కాదు, మంచిది కాబట్టే. బ్యారన్‌లో మీరేం చేస్తారో నేను మీకు చెప్పనక్కర్లేదు. ఆకు పసుపెక్కగానే వేడి పెంచి ఆ రంగును అక్కడే కట్టేస్తారు. చివర్లో ఈనె ఎండేటప్పుడు 160 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా తీసుకెళ్తారు. మొత్తం వారం రోజుల పని. పసుపెక్కేటప్పుడు ఆకులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, ఆ చక్కెర ఖర్చయ్యేలోపే ఆకు ఎండిపోతుంది. అందుకే వర్జీనియా ఆకులో చక్కెర ఎక్కువ, దాని పొగకు కాస్త ఆమ్ల గుణం ఉంటుంది. సిగరెట్‌కు కావలసింది అదే. లావుగా చుట్టి కాలిస్తే మాత్రం వేడెక్కి నాలుక కొరుకుతుంది.

సిగార్ ఆకు కథ దీనికి పూర్తిగా తలకిందులు. నిప్పు చూపించరు. కొట్టంలో వేలాడదీసి గాలికి నెలన్నర, రెండు నెలలు ఆరనిస్తారు. అంతసేపు ఆకు ప్రాణంతోనే ఉండి తన చక్కెరను తనే తినేస్తుంది, పచ్చరంగు పోయి గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ తర్వాత గుట్టలు వేస్తారు. తడి గడ్డివాములో చెయ్యి పెడితే లోపల వేడి తగులుతుందే, అలాంటి వేడే ఆ గుట్టలోనూ పుడుతుంది. మరీ వేడెక్కకముందే గుట్ట విప్పి, లోపలి ఆకు బయటికీ బయటి ఆకు లోపలికీ వేసి మళ్లీ కడతారు. నెలల తరబడి ఇదే పని. అమోనియా ఘాటు పోయేది, రుచి కుదురుకునేది అక్కడే. ఇలా పులిసిన ఆకు పొగకు క్షార గుణం ఉంటుంది, అందుకే నికోటిన్ నోటి పొరల్లోంచే రక్తంలోకి పోతుంది. సిగరెట్‌లా ఊపిరితిత్తుల దాకా లాగే అవసరం రాదు.

‘మరి బర్లీ రకం పొగాకు గాలికి ఆరేదే కదా’ అంటారు మీరు. అవును, కానీ దాన్నీ ఎక్కువగా సిగరెట్ మిశ్రమాల కోసమే కొంటారు. అసలు కారణం నా లెక్కలో వేరే. 1976లో వచ్చిన పొగాకు బోర్డు, 1985లో మన దగ్గర మొదలైన వేలం, గ్రేడ్లు, గోడౌన్లు, మీ బ్యారన్లు అన్నీ సిగరెట్ ఆకు చుట్టూ అల్లుకున్నవి. రేపు మీరు అద్భుతమైన సిగార్ ఆకు పండించినా టంగుటూరులో దానికి పాట పాడేవాడు ఎవడు? పై ఆకు సంగతి మరీ కష్టం. అమెరికాలో కనెటికట్ లోయ రైతులు చేను మీద గుడ్డ పందిరి వేసి, ఎండ తగ్గించి పల్చటి ఆకు పండిస్తారు. ఈక్వడార్‌లో ఆ పందిరి పని మబ్బులే చేస్తాయి. మన ఎండకు, మన దుమ్ముకు మచ్చలేని ఆకు తీయాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

కాబట్టి మీ బ్రైట్ ఆకు వేలానికి తీసుకెళ్లండి, చుట్టి పాడు చేయకండి.

ప్రశ్న: సిగార్ ఎంత నల్లగా ఉంటే అంత స్ట్రాంగ్ అంటారు. నిజమేనా?
– నెల్లూరు, మూలపేట

కాదు. నలుపు పై ఆకుది. ఆ ఆకును ఎక్కువ కాలం, ఎక్కువ వేడిలో పులియబెడితే రంగు ముదురుతుంది. దాన్ని మదురో అంటారు. చాలాసార్లు దాని రుచి తియ్యగా, కాఫీ గింజల్లా ఉంటుంది. బలం లోపలి ఆకుది. పొగాకు రైతుకు ఇది ఒక్క ముక్కలో అర్థమవుతుంది: అడుగాకు పల్చన, కొసాకు మందం. క్యూబావాళ్లు అడుగాకును వొలాడో అంటారు, బాగా మండటానికి వాడతారు. నడిమాకు సెకో, అది వాసనకు. కొసాకు లిగేరో, ఎండంతా తాగిన ఆకు కాబట్టి ఘాటు దానిదే. లిగేరో నిదానంగా కాలుతుంది, అందుకని చుట్టేటప్పుడు దాన్ని నట్టనడుమ పెడతారు. తెల్లటి పై ఆకు కింద లిగేరో దట్టంగా ఉంటే, ఆ తెల్ల సిగారే మిమ్మల్ని కూలదోస్తుంది.

ప్రశ్న: మావారు ఏడాదిగా సిగార్లు పోల్చడం హాబీ అంటున్నారు. నెలకొకటి అని మొదలుపెట్టి ఇప్పుడు వారానికి మూడు. పొగ లోపలికి పీల్చం కాబట్టి సిగరెట్‌లా హాని లేదంటారు. మీరూ కాలుస్తారు కాబట్టి మీ మాట వింటారేమో.
– గృహిణి, కందుకూరు

అమ్మా, మీవారు చెప్పేదాంట్లో ఒక్క ముక్కే నిజం: సిగార్ పొగను ఊపిరితిత్తుల్లోకి పీల్చరు. దాని నుంచి ఆయన తీసిన లెక్క తప్పు. పైన కొండపి అబ్బాయికి రాసింది ఆయన చేత చదివించండి. నికోటిన్ నోట్లోంచే ఎక్కుతుంది, అంటే అలవాటు కావడానికి పీల్చనక్కర్లేదు. సిగరెట్ పొగలోని విషాలన్నీ సిగార్ పొగలోనూ ఉన్నాయి. నోటి క్యాన్సర్, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక క్యాన్సర్లు సిగార్ తాగేవాళ్లకు ఎక్కువని వైద్యశాస్త్రం ఎప్పుడో తేల్చింది. ఒక పెద్ద సిగార్‌లో ఒక సిగరెట్ ప్యాకెట్ అంత పొగాకు ఉండొచ్చు, గంటకు పైగా కాలుతుంది. ఆ గంటా అదే గదిలో కూర్చున్న మీరూ పిల్లలూ కూడా తాగినట్టే.

ఇక హాబీ మాట. పోల్చేవాడు రాసుకుంటాడు. ఆయన నోట్సు పుస్తకం చూపించమనండి. వారానికి మూడు చొప్పున దాంట్లో తేదీలు, సైజులు, తేడాలు ఉంటే అప్పుడు మాట్లాడదాం. పుస్తకం లేదంటే అది హాబీ కాదు, అలవాటు. పుస్తకం ఉన్నా వారానికి మూడు ఎక్కువే. మానాలనుకుంటే 1800-112-356 నంబరుకు ఫోన్ చేయమనండి. కేంద్ర ప్రభుత్వం నడిపే క్విట్‌లైన్ అది, డబ్బు కట్టక్కర్లేదు. నోట్లో తెల్లమచ్చ కానీ పుండు కానీ రెండు వారాలకు మించి మానకపోతే మాత్రం ఫోన్లూ ఉత్తరాలూ వద్దు, నేరుగా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఈ సరదా లేనివాళ్లు నా రాతలు చదివి మొదలుపెట్టకండి అని కూడా ఇక్కడే చెబుతున్నాను.

ప్రశ్న: ఏ బ్రాండ్ మంచిదో రెండు పేర్లు చెప్పండి చాలు.
– చాలామంది

చెప్పను. పొగాకు ప్రకటనలను 2003 చట్టం నిషేధించింది. పత్రికలో కూర్చుని ‘ఇది కొనండి’ అంటే దానికీ ప్రకటనకూ తేడా ఉండదు.

ప్రశ్న: ఇంగ్లీషు పుస్తకాల్లో ఒక్కో సిగార్‌కు సెడార్, లెదర్, కోకో అని ఏవేవో రుచులు రాస్తారు, వందకు 91, 93 అని మార్కులు వేస్తారు. నాకు పొగ తప్ప ఏమీ తగలదు. సెడార్ చెట్టు నేను చూడనే లేదు.
– టీచర్, పొదిలి

మీరు చెట్టును చూడలేదు కానీ వాసన చూశారు, అదీ రోజూ. పిల్లలు పెన్సిల్ చెక్కుతుంటే వచ్చే వాసన గుర్తుందా? మంచి పెన్సిళ్లకు వాడేది సెడార్ జాతి చెక్కే. నా నోట్సులో సెడార్ అని ఉండదు, ‘పెన్సిల్ పొట్టు’ అని ఉంటుంది. లెదర్ అన్నచోట ‘కొత్త చెప్పుల పెట్టె’ అని, కోకో అన్నచోట ‘వేయించిన వేరుశెనగ, పొట్టుతో’ అని రాసుకుంటాను. ‘తడిసిన గోనె’, ‘తాటిబెల్లం’, ‘మాడిన మెంతులు’, ‘ఎండు చింతతొక్క’, ‘రెండో రోజు బ్యారన్’. ఈ చివరిది మీ ఊళ్లోనూ తెలిసినవాళ్లు ఉంటారు, ఆకు పసుపెక్కేటప్పుడు వచ్చే తీపివాసన అది. నాకు చాలా ఇష్టం, కానీ సిగార్లలో అరుదు.

ఇదేమీ మాయ కాదు. నాలుక పట్టేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు లాంటి కొన్నే. మిగతా రుచి అంతా గొంతు వెనక నుంచి ముక్కుకు చేరే వాసనే. జలుబు చేసినప్పుడు పప్పూ చారూ ఒకేలా ఎందుకు ఉంటాయో ఆలోచించండి. అందుకే నోట్లో పొగ ఉన్నప్పుడు అందులో కొంచెం ముక్కులోంచి మెల్లగా వదలమంటారు. ఎక్కువ వదిలితే కళ్లలో నీళ్లొస్తాయి, జాగ్రత్త. వాసనలు గుర్తుపట్టడం మాత్రం వంటింట్లోనే నేర్చుకోవచ్చు, సిగార్ అక్కర్లేదు. కళ్లు మూసుకుని ధనియాలు, మిరియాలు, లవంగం, కాఫీపొడి, ఏలక్కాయ ఒక్కొక్కటీ వాసన చూసి పేరు చెప్పండి. మీ ఆవిడే గెలుస్తారు, పందెం.

మార్కుల మాటకొస్తే, 91కీ 93కీ మధ్య ఉన్న ఆ రెండు మార్కుల తేడా నాకు ఏనాడూ దొరకలేదు. వేలం కేంద్రం అలవాటు కొద్దీ నేను బ్రైట్, మీడియం, లోగ్రేడ్ అని మూడే రాసుకుంటాను. ఒక పని తప్పక చేసి చూడండి: ఇంట్లో ఎవరినైనా సిగార్ల కాగితపు ఉంగరాలు తీసేసి, వాటి చోట నంబర్లు చుట్టమనండి. మీకు తెలియకుండా కాల్చి, రాసుకుని, తర్వాత పేర్లు చూసుకోండి. ఖరీదు తెలిసిన నాలుక అబద్ధం చెబుతుంది. ఉంగరం తీశాక నా పుస్తకంలో బ్రైట్ నుంచి మీడియంకు దిగిన పెద్ద పేర్లు చాలానే ఉన్నాయి.

ప్రశ్న: పెట్టెలో దాచిన సిగార్లకు గుండుసూదితో పొడిచినట్టు చిల్లులు పడ్డాయి. అడుగున పొడి రాలింది. పారేయాలా?
– వ్యాపారి, నెల్లూరు

అది మీకు తెలిసిన పురుగే. నిల్వ పసుపుకొమ్ముల్లో, ఎండుమిరపకాయల్లో పడే ఎర్రటి చిన్న పురుగు ఉంటుందే, సిగరెట్ బీటిల్ అంటారు, అదే ఇది. గుడ్లు ఆకుతోనే వస్తాయి. చల్లగా ఉన్నంతకాలం నిద్రపోతాయి, పెట్టెలో వేడి 24, 25 డిగ్రీలు దాటితే పొదుగుతాయి. నెల్లూరు ఏప్రిల్, మే సంగతి మీకు నేను చెప్పాలా? మన ప్రాంతంలో సిగార్ దాచేవాళ్లంతా తేమ గురించి టెన్షన్ పడతారు. నన్నడిగితే ముందు పట్టించుకోవాల్సింది వేడి.

చిల్లులు పడ్డవి పారేయండి. మిగతావాటిని జిప్ కవర్లో గాలి తీసి, ఫ్రీజర్‌లో మూడు నాలుగు రోజులు ఉంచండి. తర్వాత ఒకరోజు కింది అరలో, ఆ తర్వాతే బయటికి. ఒక్కసారిగా బయటికి తెస్తే పై ఆకు పగులుతుంది. ఫ్రిజ్‌లోనే ఉంచేద్దాం అనుకోకండి, ఫ్రిజ్ ఆకును ఎండబెడుతుంది, పైగా చేపల వాసన పట్టిస్తుంది.

ఖరీదైన చెక్కపెట్టె అవసరమే లేదు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో 65 లేదా 69 శాతం తేమ నిలిపే ప్యాకెట్ ఒకటి, ఒక చిన్న తేమ మీటరు. ఈ మీటర్లు సగం అబద్ధాలే చెబుతాయి కాబట్టి ఉప్పుతో పరీక్షించండి. సీసా మూతలో మెత్తటి ఉప్పు పోసి, ముద్దగా అయ్యేటంత నీళ్లు చిలకరించి, మీటరుతో పాటు జిప్ కవర్లో ఒక పగలూ రాత్రీ ఉంచండి. ఉప్పు ఏ ఊరిదైనా, అది చినగంజాం కొఠారుల ఉప్పే అయినా సరే, మీటరు 75 చూపించాలి. 70 చూపిస్తే మీ మీటరు 5 తక్కువ చెబుతోందని గుర్తు. కార్తీకంలో ముసురు పట్టినప్పుడు డబ్బా మాటిమాటికీ తెరవకండి. తేమ 72 దాటి అలాగే ఉంటే బూజు పడుతుంది. బూజు తుడిచి కాల్చేవాళ్లున్నారు, వాళ్ల ధైర్యానికి దండం. ఇంకొకటి, బీరువాలో కలరా ఉండల పక్కన మాత్రం పెట్టకండి. సిగార్ ఏ వాసన దొరికితే ఆ వాసన తాగుతుంది.

ప్రశ్న: బీచ్ రోడ్డులో ఒకతను కోహిబా అనే క్యూబా సిగార్ల పెట్టె రెండువేల రూపాయలకు ఇచ్చాడు. గాజు మూత ఉంది, చూడటానికి భలే ఉంది. అసలుదేనా?
– కాలేజీ లెక్చరర్, నెల్లూరు

కాదు. గాజు మూత చూస్తేనే చెప్పొచ్చు, ఆ పెట్టెలు నకిలీలకు పేరుపడ్డవి. క్యూబా పెట్టె మీద ఆకుపచ్చ వారంటీ సీలు, దాని మీద హోలోగ్రామ్, బార్‌కోడ్ ఉంటాయి. పెట్టె అడుగున స్పానిష్‌లో ‘హెచో ఎన్ కూబా’, ‘తొతాల్మెంతె అ మానో’ అని వేడిముద్ర ఉంటుంది. క్యూబాలో తయారైంది, పూర్తిగా చేత్తో చుట్టింది అని అర్థం. మన దేశంలోకి సక్రమంగా దిగుమతైతే దిగుమతిదారు పేరు, ఎమ్మార్పీ, 85 శాతం జాగాలో హెచ్చరిక బొమ్మ కూడా ఉండాలి. పేరు ఒక్కటే చూసి మాత్రం తీర్పు చెప్పకండి. క్యూబా మీద అమెరికా ఆంక్షలు 1962 నుంచీ ఉన్నాయి. అందుకని కోహిబా, మాంటెక్రిస్టో లాంటి పేర్లతోనే డొమినికన్ రిపబ్లిక్‌లో చేసిన సిగార్లు అమెరికాలో అమ్ముతారు. అవి నకిలీలు కావు, వేరే సిగార్లు.

మీరు కొన్నదాన్ని బ్లేడుతో నిలువునా చీల్చండి. చేత్తో చుట్టిన మంచి సిగార్ లోపల ఆకు ఈ చివర నుంచి ఆ చివర దాకా పొడుగ్గా సాగి ఉంటుంది. మీదాంట్లో తుక్కు, ఈనె ముక్కలు రాలితే మా గోడౌన్ల నేల ఊడ్చినదానికీ దానికీ తేడా లేదు. కాల్చొద్దు, ఏం కలిపాడో ఎవరికి తెలుసు.

ప్రశ్న: నాకు ఎనభై దాటాయి. మా నాయన కాలం నుంచి లంక పొగాకు చుట్టే. దాని ముందు మీ సిగార్లు ఏ మూలకు? అసలు తేడా ఏంది?
– కనిగిరి పెద్దాయన

అయ్యా, రెండూ ఒకే వంశం. మీ చుట్టలో చాలావరకు ఒకే రకం ఆకు ఉంటుంది, లోపలా బయటా అదే. సిగార్‌లో లోపలి ఆకు, దాన్ని బిగించే ఆకు, పై ఆకు మూడూ వేరు, ఒక్కోసారి మూడు దేశాలవి. చుట్ట ఎండుగా కాలుస్తారు, సిగార్‌ను తేమ పోకుండా కాపాడి కాలుస్తారు. గోదావరి లంకల ఒండ్రు మట్టిలో పెరిగిన ఆకు ఘాటు నేనెరుగుదును. మొదటి దమ్ము నుంచి చివరి దమ్ము దాకా ఒకటే స్వరం, మధ్యలో మలుపులుండవు. మీకు అదే ఇష్టమైతే సిగార్ మీకు చప్పగానే ఉంటుంది. తమిళనాడులో తిరుచ్చి, దిండిగల్ చుట్టలు బ్రిటిష్ కాలంలో ఇంగ్లండులో కూడా పేరు మోశాయి. దిండిగల్ దగ్గర వేడసందూరులో చుట్ట, సిగార్ ఆకు మీద పరిశోధన కేంద్రం కూడా పెట్టారు. కాబట్టి చుట్టను చిన్నచూపు చూసేవాళ్లలో నేను లేను.

ఉత్తరం చివర మీ ఆవిడ అడ్డపొగ తాగుతారని రాశారు. నిప్పు నోట్లో పెట్టుకునే ఆ పద్ధతి అంగిలి మీద క్యాన్సర్ తెస్తుందని ఉత్తరాంధ్ర తీరంలో చేసిన పరిశోధనల్లో తేలింది. ఈ వారంలోనే ఆమె నోరు పళ్ల డాక్టర్‌కు చూపించండి.

ప్రశ్న: కువైట్ నుంచి వచ్చే నెల వస్తున్నా. మా నాన్నకు సిగార్లంటే ఇష్టం. ఎన్ని తేవచ్చు? ఆయనకు బీపీ ఉంది, పర్వాలేదా?
– ఉదయగిరి అబ్బాయి

బ్యాగేజీ నిబంధనల్లో సిగార్లయితే 25, సిగరెట్లయితే 100, పొగాకయితే 125 గ్రాములు అని ఉంది. అంతకు మించితే చెన్నైలో దిగగానే కస్టమ్స్ రెడ్ ఛానెల్‌లోకి వెళ్లి, చెప్పి, డ్యూటీ కట్టండి. బిల్లు జేబులో ఉంచుకోండి. సిగార్లను జిప్ కవర్లో పెట్టి చేతి సంచిలో తెచ్చుకోండి, విమానంలో గాలి చాలా పొడి. ఇంటికొచ్చాక పదిహేను రోజులు డబ్బాలో ఉంచాకే ఎవరైనా ముట్టుకోవాలి.

ఎవరైనా అన్నాను కానీ మీ నాన్నగారు కాదు. నికోటిన్ బీపీని ఇంకా పెంచుతుంది. ఆయనకు ఖర్జూరాలు తెండి. షుగర్ కూడా ఉంటే ఒక మంచి చొక్కా గుడ్డ.